"తిన్నావా" అని అమ్మ అడిగితే రోజూ "తిన్నా" అని అబద్ధం చెప్తున్నా అక్కా

ప్రశ్న: అక్కా, నాకు 20 ఏళ్ళు. మాది విజయవాడ, పటమట. గుంటూరు దగ్గర యూనివర్సిటీలో బీటెక్ థర్డ్ ఇయర్, హాస్టల్లో ఉంటా. నాన్నకి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు, ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర అవుద్ది, అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడతది, నాన్న వచ్చాకే తింటది. తమ్ముడు ఇంటర్. ఫస్ట్ ఇయర్‌లో చేరినప్పుడు 54 కేజీలు ఉండేదాన్ని, ఇప్పుడు 63, హైట్ 5 అడుగుల 2 అంగుళాలు. పొద్దున టిఫిన్ చెయ్యను, డైట్ అని రాత్రి మెస్‌కి వెళ్ళడం మానేశా, కానీ ఒంటిగంటకి ఆకలేసి కెటిల్‌లో రెండు ప్యాకెట్ల నూడుల్స్ చేసుకుని చిప్స్‌తో తినేస్తా. పడుకునేసరికి మూడు. అమ్మ రోజూ తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి తిన్నావా అంటది, తిన్నా అంటా. ఆదివారం ఇంటికెళ్తే అమ్మే ప్లేటు నిండా పెడతది, అమ్మే లావైపోతున్నావ్ అంటది. మొన్న ఫంక్షన్లో మేనత్త అందరి ముందూ ఇట్టా అయితే సంబంధాలు ఎట్టా వస్తాయి అంది, అమ్మ నవ్వి ఊరుకుంది. నాన్నకి ఆరేళ్ళుగా షుగర్, నాకూ వస్తదేమోనని భయం. నాకు కంట్రోల్ లేదా, మా ఇంటి వల్లే ఇట్టా అవుతున్నానా? కొన్నాళ్ళు ఇంటికెళ్ళడం మానేస్తే బాగుపడతానా?

సమాధానం:

ముందు నీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తా. ఇంటికెళ్ళడం మానొద్దు తల్లీ. మానేస్తే కొన్ని వారాలు లావు అన్న మాట చెవిన పడదు, అంతే. హాస్టల్లో ఒంటిగంటకి వేసే ఆకలి ఎక్కడికీ పోదు, పైగా ఆదివారం ఒక్కపూటైనా పప్పూ కూరా పెరుగూ వేసుకుని కూర్చుని తింటున్నావు చూడు, అదీ పోతుంది.

ఇక కంట్రోల్ సంగతి. నువ్వు రాసిందే ఇంకోసారి చదువుకో. పొద్దున ఏమీ తినవు, మధ్యాహ్నం ఒక్కసారి తింటావు, రాత్రి మెస్ మానేస్తావు. అంటే మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి ఒంటిగంట దాకా పన్నెండు గంటలు ఖాళీ కడుపు, మధ్యలో ల్యాబ్, అసైన్‌మెంట్లు, ఏదో ఒక టీ. అప్పుడు ఎవరికైనా ఆకలేస్తుంది, ఆ టైంలో చేతికి అందేది నూడుల్సే కాబట్టి అదే తింటావు. దాని మీద నిద్ర ఒకటి. మూడింటికి పడుకుని ఎనిమిదింటికి క్లాసంటే ఐదు గంటలు కూడా పడదు, నీ వయసుకి కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, ఇక చాలు అనిపించేది తగ్గుతుంది, మర్నాడు మనసు తీపి మీదకీ నూనె మీదకీ పోతుంది. ఇందులో నీ క్యారెక్టర్‌కి మార్కులేసే విషయం ఏమీ లేదు. డైట్ అని రాత్రి భోజనం మానేయడమే నీకు బరువు పెంచుతోందని నా నమ్మకం, ముందు దాన్ని ఆపు.

మా ఇంటి వల్లేనా అని అడిగావు కదా, దీనికి అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను, కొంచెం ఓపిగ్గా విను. అలవాట్లు హాస్టల్‌కి వచ్చాక పుట్టవు, మనం ఇంటినుంచి తెచ్చుకుంటాం. మీ ఇంట్లో ఎవరు ఎప్పుడు తింటారో ఒకసారి గుర్తు చేసుకో. నాన్న పదిన్నరకి, అమ్మ ఆయన తిన్నాక, తమ్ముడు కాలేజీలో స్టడీ అవర్ అయ్యి వచ్చి టీవీ ముందు. మీ అమ్మ సాయంత్రం టీ తాగి మళ్ళీ పదకొండింటికి మిగిలింది తింటుంది, మధ్యలో ఆకలేసినా మిషన్ మీద నుంచి లేవదు. అలా ఉండటమే ఇంటి ఆడమనిషి పద్ధతి అని చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగావు. ఇప్పుడు నువ్వు హాస్టల్లో చేస్తున్నదీ దాదాపు అదే, ఆకలిని తొక్కిపెట్టి పెట్టి అర్ధరాత్రి తినడం. దీనికి మీ అమ్మని తప్పుపట్టట్లేదు నేను, ఆమె వాళ్ళమ్మని చూసి నేర్చుకుని ఉంటుంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో సగానికి పైగా మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అందరికీ వడ్డించి చివర్లో మిగిలింది తినే ఇళ్ళు ఇన్ని ఉన్నప్పుడు నాకు ఆ లెక్క చూసి ఆశ్చర్యం వెయ్యలేదు, బాధ వేసింది.

రెండోది మాటలు. అమ్మే ప్లేటు నిండా పెడుతుంది, అమ్మే లావయ్యావంటుంది అన్నావు. మన గుంటూరు, కృష్ణా వైపు ఇళ్ళలో ఇది ఎంత మామూలంటే చాలామందికి ఇందులో తేడా ఉందని కూడా అనిపించదు. ఆమెకి రెండూ ప్రేమే, వారమంతా మెస్ తిండి తిన్న పిల్ల అని పెడుతుంది, రేపు పెళ్ళి దగ్గర మాటపడుతుందేమోనని భయపడి అంటుంది. కానీ వినే నీకు ఆ రెండూ కలిసి ఏమవుతుందంటే, తింటే తప్పు చేసినట్టు, తినకపోతే అమ్మని బాధపెట్టినట్టు. అప్పుడు మనిషి చేసే పని ఒక్కటే, దాచుకుని తినడం. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు దీని మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. వాళ్ళు 2013లో వేసిన ఒక పేపర్లో, తల్లిదండ్రులు బరువు గురించి, సైజు గురించి మాట్లాడే ఇళ్ళలో టీనేజ్ పిల్లలు భోజనం మానేయడం లాంటి పిచ్చి డైటింగులు ఎక్కువ చేస్తున్నారని, బరువు ఊసెత్తకుండా ఏం తింటే ఒంటికి మంచిదన్నది మాత్రం మాట్లాడుకునే ఇళ్ళలో అవి తక్కువని కనిపించింది. అది చూసి మాటలే కారణమని కచ్చితంగా తేల్చలేం అనుకో, కానీ నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ పేపరే కళ్ళ ముందు కదిలింది. అదే టీమ్ ఇంకో సంగతి కూడా చూసింది, టీనేజ్‌లో ఇంట్లో అందరితో కలిసి ఎక్కువసార్లు భోంచేసిన పిల్లలు ఐదేళ్ళ తర్వాత, ఇల్లు వదిలి కాలేజీల్లో ఉండే వయసులో కూడా, కూరగాయలూ పళ్ళూ ఎక్కువ తింటున్నారు, కూల్‌డ్రింకులు తక్కువ తాగుతున్నారు.

ఇప్పుడు నేను నిన్ను నిజంగా చెయ్యమని అడిగేది ఒకటుంది, మిగతావన్నీ దాని తర్వాతే. ఆ తొమ్మిదిన్నర ఫోన్‌లో అబద్ధం ఆపు. నువ్వు తిన్నా అన్న ప్రతి రాత్రీ మీ అమ్మ నిశ్చింతగా పడుకుంటుంది, నువ్వు ఒంటరిగా మేలుకుని ఉంటావు, నీకు సాయం చెయ్యగలిగిన ఒక్క మనిషికీ అసలు సంగతి తెలియకుండా పోతోంది. ఆమె అడగడం మానలేదు, నువ్వు చెప్పడం మానేశావు. ఎందుకు మానేశావో నాకర్థమైంది, నిజం చెప్తే తిట్లు, కాదంటే ఏడుపు, ఆ పైన నాన్నతో పంచాయితీ. అందుకే ఫోన్‌లో ఉన్నట్టుండి మొదలెట్టకు. శనివారం ఇంటికెళ్ళాక, నాన్న షాపులో, తమ్ముడు క్లాసులో ఉండే టైం చూసుకో, అమ్మ పక్కన కూర్చుని ఆ హుక్స్ కుట్టే పనో ఏదో చేతిలోకి తీసుకుని చెప్పు. మొహం చూస్తూ చెప్పలేనివి పని చేస్తూ చెప్పెయ్యొచ్చు. ఏం చెప్పాలంటే, "అమ్మా, రాత్రిళ్ళు నేను తినట్లేదే, నీకు తిన్నానని చెప్తున్నా. లావవుతున్నానని మానేశా, అర్ధరాత్రి ఆకలేసి ఏదో తింటున్నా. నువ్వు తిడతావని చెప్పలేదు. ఇప్పట్నుంచి నిజం చెప్తా, నువ్వు మాత్రం నా లావు గురించి ఇంక అనకు, ఆ మాట వింటే నాకు తినబుద్ధి కాదు." ఇంతే. నాన్నని, మేనత్తని అప్పుడే లాగొద్దు.

మొదట ఆమె కంగారుపడి గట్టిగానే అరవొచ్చు, ఫీజులు కట్టి పంపిస్తే ఇదా అనొచ్చు. ఆ పావుగంట ఓర్చుకో. భయంతో వచ్చే కోపం అది, సాయంత్రానికి ఆమే నీ దగ్గరికొస్తుంది.

తర్వాత ఫోన్ టైం మార్పించు. తొమ్మిదిన్నరకి మెస్ మూసేసి ఉంటుంది, అప్పుడు తిన్నావా అని అడిగి ఏం లాభం, తినలేదంటే మాత్రం ఆమె ఏం చెయ్యగలదు. ఎనిమిదింటికి చెయ్యమను. నువ్వు మెస్‌లో కంచం ముందు కూర్చో, అమ్మని కూడా అదే టైంకి కంచం పెట్టుకోమను, వీడియో కాల్ పెట్టుకుని ఇద్దరూ కలిసి తినండి. మీ నాన్న వచ్చేదాకా ఆగుతానంటుంది. అప్పుడు నువ్వు "నువ్వు తినకుండా నన్ను తినమంటే ఎట్టా అమ్మా" అని అడుగు, ఈ మాటకి ఆమె దగ్గర జవాబుండదు. ఇంకో పని, పొద్దునే నాన్నకి బాక్స్ కట్టేటప్పుడు రాత్రికి కూడా కట్టివ్వమను, లేదా సాయంత్రం షాపు కుర్రాడు వచ్చి పట్టుకెళ్తాడేమో చూడమను, పుల్కాలు, కూర, కాస్త పెరుగు. షుగర్ ఉన్న మనిషి రాత్రి పదిన్నరకి ఆకలి మీదొచ్చి కంచం నిండా అన్నం తిని వెంటనే పడుకుంటే మాత్రలేసుకున్నా పొద్దున రీడింగ్ ఎక్కువ రావొచ్చు. ఆయన ఎనిమిదింటికి షాపులోనే తినేస్తే ఆయనకీ మంచిది, అమ్మ ఎదురుచూపులూ తప్పుతాయి. ఆయన భోజనం టైం మార్చేటప్పుడు మాత్రల సంగతి వాళ్ళ డాక్టర్‌ని ఒక మాట అడగమను, అది మర్చిపోవద్దు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోకు. రేపట్నుంచి ప్రతి పూటా ప్లేటు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు అంటారు కొంతమంది అమ్మానాన్నలు. అలాంటి కాపలాతో మొదటివారం తింటావు, రెండోవారం రూమ్మేట్ ప్లేటు ఫోటో పెడతావు. నీకు 20 ఏళ్ళు, నీ తిండి నీ చేతిలో ఉండాలి, ఇంట్లో వాళ్ళు నీ పక్కన ఉండాలి. ఇది చదివే తల్లిదండ్రులకి కూడా చెప్తున్నా అండీ, తిన్నావా తర్వాత ఇంకో ప్రశ్న అడగండి, ఇవాళ ఎవరితో కూర్చుని తిన్నావు, మెస్‌లో కూర ఏంటి, నిద్ర పట్టిందా అని. పిల్లలు జవాబు చెప్పేలా అడిగితే చెప్తారు.

అమ్మ పంపే డబ్బాల గురించి. ఆవకాయ, కారప్పొడి, జంతికలు, చెక్కలు, ఇవేగా నీ అల్మారాలో ఉన్నవి? వద్దమ్మా అనకు, ఆమె రాత్రంతా కూర్చుని చేసింది వద్దంటే తనని వద్దన్నట్టే అనుకుంటుంది. వేరేవి అడుగు. వేయించిన వేరుశనగలు, పుట్నాలు, నువ్వులు వేసిన కరివేపాకు కారం, రాగి పిండి. ఆ కెటిల్‌లోనే రాగి జావ కాచుకోవచ్చు, కొంచెం మజ్జిగ కలుపుకుంటే పొద్దునపూట ఐదు నిమిషాల్లో టిఫిన్ అయిపోతుంది. రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, రెండు ప్యాకెట్ల నూడుల్స్‌తోనే అందులో చాలావరకు అయిపోతుంది, దాని మీద పగలంతా పచ్చళ్ళూ పొడులూ. మానెయ్యమనట్లా, గుంటూరు దగ్గరుండి పచ్చడి మానమంటే ఎవరు వింటారు, కంచంలో పచ్చడి కన్నా కూర ఎక్కువ ఉండేలా చూసుకో చాలు. మెస్‌లో పప్పు, గుడ్డు, పెరుగు ఈ మూడూ వదలకు, అన్నం సగం తగ్గినా పర్లేదు. ఆదివారం పటమట రైతుబజార్‌కి అమ్మతో నువ్వూ వెళ్ళు, వారానికి జామకాయలు, అరటిపళ్ళు, కీరాలు తెచ్చుకో, హాస్టల్లో ఫ్రిజ్ లేకున్నా నాలుగు రోజులు ఆగుతాయి. నీకు నచ్చిన ఆకుకూర నువ్వే ఏరి అమ్మ చేత వండించుకో, ఆమె ప్లేటు నింపడం ఎలాగూ మానదు, దేంతో నింపాలో నువ్వు చెప్పు.

నాన్న గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు, ఆయనకి షుగరని. ఆరేళ్ళలో ఆయన టెస్ట్ రిపోర్ట్ నువ్వెప్పుడైనా చూశావా? డాక్టర్ నడవమని చెప్పే ఉంటాడు, ఆయన షాపు సాకు చెప్పే ఉంటాడు. ఆదివారం పొద్దున ఆరింటికి ఆయన్ని లేపు. బండి మీద పద్మావతి ఘాట్ వైపు కృష్ణ ఒడ్డుకి వెళ్ళండి, లేదంటే మీ కాలనీలోనే తిరగండి, ఎండాకాలం మన బెజవాడలో ఏడు దాటితే నడవలేం కాబట్టి పొద్దునే బయల్దేరాలి. నడిపించడానికి వచ్చానని ఆయనకి చెప్పకు, నాకూ షుగర్ వస్తుందేమోనని భయంగా ఉంది నాన్నా, నువ్వు తోడొస్తే నడుస్తా అని చెప్పు, నిజం కూడా అదే కదా. మన ఆటోనగర్ నాన్నలు సొంత ఒంటికోసం గంట ఇవ్వరు గానీ కూతురు అడిగితే షట్టర్ లేటుగానైనా తీస్తారు. మిగతా రోజులు హాస్టల్లో రాత్రి భోజనం అయ్యాక అరగంట నడువు, ఆ టైంలో తమ్ముడికో నాన్నకో ఫోన్ చేసుకో. వారానికి 150 నిమిషాలు నడిస్తే సరిపోతుంది, రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి టీమ్ షుగర్ అంచు మీద ఉన్నవాళ్ళని మూడేళ్ళు చూసి 2006లో రిజల్ట్స్ ఇచ్చింది, మందులు లేకుండా తిండి మార్పుతో, నడకతో షుగర్ వచ్చే ప్రమాదం దాదాపు 28 శాతం తగ్గింది. వాళ్ళు మనలాగే అన్నం తినే మనుషులే. కాబట్టి ఇంట్లో ఉంది, నాకూ తప్పదు అనుకోకు.

మేనత్త సంగతి నువ్వు చూసుకోవద్దు, అది అమ్మ పని. నిన్ను బాధపెట్టింది మేనత్త మాట కన్నా అమ్మ నవ్వి ఊరుకోవడం అని నాకనిపిస్తోంది, తను కూడా అలాగే అనుకుంటోందేమోనని. అమ్మకి సూటిగా చెప్పు, నెక్స్ట్ టైం ఎవరన్నా అంటే "దాని ఆరోగ్యం మేం చూసుకుంటున్నాం వదినా, నువ్వు భోంచెయ్యి" అని ఒక్క మాట అనమను. ఆడపడుచుకి ఎదురు చెప్పడం ఆమెకి కష్టమే, వెంటనే జరక్కపోవచ్చు, అయినా నీకోసం అడగడం నీ హక్కు.

ఇన్ని చెప్పినా ఒకవేళ అమ్మ వినలేదు, లావు మాట ఆగలేదు, ఫోన్ టైం మారలేదు అనుకో. అప్పుడు మెస్‌కి రూమ్మేట్‌తో కలిసి వెళ్ళు. ఎవరో ఒకరితో కూర్చుని తినడమే ముఖ్యం, అది మొదట ఇంట్లో వాళ్ళతో అయితే నీకు బలం అని ఇంతసేపు చెప్పా, అంతేగానీ వాళ్ళు మారేదాకా నువ్వు పస్తులుండక్కర్లేదు.

టెస్టులు. నీ ఎత్తుకి 63 కేజీలంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 25 దాటింది, మనవాళ్ళకి 23 దాటితే జాగ్రత్త పడమంటారు, పైగా నాన్నకి షుగర్ ఉంది కాబట్టి ఒకసారి డాక్టర్‌కి చూపించుకో. మూడు నెలల యావరేజ్ షుగర్ టెస్ట్ (HbA1c), థైరాయిడ్, హిమోగ్లోబిన్ రాయమను. యావరేజ్ షుగర్ 5.7 లోపుంటే నార్మల్, 5.7 నుంచి 6.4 దాకా అంచు మీద ఉన్నట్టు, 6.5 వస్తే మళ్ళీ చేయించి ఖాయం చేసుకుంటారు. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే ఐరన్ మాత్రలు వాళ్ళే రాస్తారు, అవి టీతో వేసుకోకు, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. అమ్మకీ హిమోగ్లోబిన్ చేయించు, నాకు నీకన్నా ఆమె మీద అనుమానం ఎక్కువగా ఉంది. పీరియడ్స్ మూడు నెలలుగా రాకపోయినా, తిన్నాక వేలు పెట్టి కక్కుకోవాలనిపించినా, చేస్తున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా ఇంక డైట్ మాటలొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి. రాత్రిళ్ళు మరీ దిగులుగా ఉండి ఎవరికీ చెప్పలేకపోతే 14416 టెలిమానస్‌కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిది, ఫ్రీ, ఏ టైంలో అయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.

బరువు గురించి తొందరపడకు. ఈ సెమ్ అయ్యేలోపు రెండు మూడు కేజీలు తగ్గినా చాలు, అసలు మొదటి నెల మెషీన్ ఎక్కనే వద్దు. రాత్రి ఎనిమిదింటికి తిన్నానా, ఒంటిగంట లోపు పడుకున్నానా, ఆ రెండే చూసుకో, నిద్ర మెల్లగా పన్నెండుకి, తర్వాత పదకొండున్నరకి జరుపుకో. శనివారం అమ్మతో మాట్లాడాక ఏమందో నాకు రాయి, రిపోర్టులొస్తే ఆ నంబర్లు కూడా రాయి, ఇద్దరివీ.